నేను పెట్టిన పుట్టినరోజు

మా ఇంట్లో ముగ్గురం. పుట్టినరోజులు మాత్రం ఐదు. ఆ లెక్క తేలేసరికి నామినేషన్ల గడువు చివరి గంటలో పడింది.

తేదీల విషయంలో నేను తప్పు చేస్తానని మా ఊళ్ళో ఎవరూ అనుకోరు. నా బతుకే తేదీల మీద. బోధన్ బస్టాండు ఎదురుగా ఒక సందులో నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్ళి ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. అది కాక రోజూ పొద్దున ఆరు గంటలకల్లా 'ఈ తారీఖు' అని ఒక కార్డు తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతాను. ఈ రోజున ప్రపంచంలో ఏం జరిగింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ దినోత్సవం. అడుగున దుకాణం పేరు, ఫోన్ నంబరు. ఆరున్నర దాటినా కార్డు రాకపోతే అటు రుద్రూర్ నుంచి, ఇటు నిజామాబాద్ నుంచి కూడా ఫోన్లు వస్తాయి.

బాపు ఉన్నన్నాళ్ళూ ఆ కార్డు మొదట ఆయనకే చదివి వినిపించేవాణ్ణి. చాయ్ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుని, "ఇయ్యాల ఏం దినం రా?" అని అడిగేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఎప్పుడూ అడగలేదు. ఆమె అప్పటికే సద్ది కట్టుకుని, చెరకు కొట్టే కత్తి చంకన పెట్టుకుని, ఈరవ్వ నడిపే కూలీల గుంపుతో పనికి పోయి ఉండేది.

బాపు పేరు దాసు. ఆగస్టు వానల్లో పోయాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

మా చర్చి వెనక నుంచి సమాధుల తోటకు ఎడ్లబండి పట్టేంత బాట ఉండేది. నాలుగేళ్ళ కింద అది ఎర్రన్న చెరకు తోటలో కలిసిపోయింది. మొదటి ఏడు గట్టు జరిగింది, రెండో ఏడు గట్టే లేదు. ఎర్రన్న మా ఊళ్ళో పెద్ద రైతు. సర్పంచి ఎవరైనా మాట ఆయనది. అందుకని ఎవరూ అడగలేదు. బాపు పెట్టె మోసుకుని మేం ఆరుగురం చెరకు తోట చుట్టూ తిరిగి కాలువ గట్టు మీదుగా పోయాం. మోకాలి లోతు నీళ్ళు. ఒకచోట ముందున్నవాడి కాలు జారింది, పెట్టె ఒక మూల నీళ్ళలో మునిగింది. వెనక నడుస్తున్న నా చెల్లెలు షారోన్ వచ్చి ఆ మూలను చున్నీతో తుడిచింది. ఏడవలేదు.

నవంబరులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచి పదవి జనరల్ మహిళకు పడింది. ఆ సాయంత్రం అన్నం తింటూ షారోన్ అంది: "నేను నిలబడుతున్న అన్న. గెలిస్తే సమాధుల తోటకు తొవ్వ తీయిస్త. ఇంకేం వద్దు నాకు."

ఆమె నిజామాబాద్‌లో డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళ అర్జీలన్నీ ఆమే రాసి పెడుతుంది కాబట్టి ఓట్లు పడతాయనే నాకు అనిపించింది. అవ్వ వైపు చూశాను. అవ్వ కూరగిన్నె ఇటు జరిపింది. ఆమె కూలి చేసేది ఎర్రన్న తోటలోనే.

నవంబరు ఇరవై ఆరు. రాజ్యాంగ దినోత్సవం. కార్డు పెట్టి, దుకాణం షట్టరు ఎత్తానో లేదో ఎర్రన్న బండి దిగాడు. భార్య జ్యోతిరాణిని నిలబెడుతున్నానని, ఒక ఫ్లెక్సీ కావాలని అన్నాడు. ఎన్నికల కోడ్ ఉంది కదా అన్నాను. ఇది ఇప్పుడు కట్టడానికి కాదట, గెలిచాక కట్టడానికట. 'మా ఊరి ఓటరు మహాశయులకు కృతజ్ఞతలు' అని రాయమన్నాడు. జ్యోతిరాణి ఫొటో కంటే తన ఫొటో పెద్దగా పెట్టమన్నాడు. నేను కొలతలు రాసుకుంటుంటే జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

నా కార్డే. పోయినేడు డిసెంబరు పదిది. మానవ హక్కుల దినోత్సవం. నోబెల్ బహుమతులు ఇచ్చే రోజు. అన్నిటికన్నా అడుగున, గులాబీ రంగు అక్షరాల్లో: 'మా చెల్లెలు షారోన్‌కు ఇరవయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు.'

"లెక్క కట్టిన, శాంతి," అన్నాడు ఎర్రన్న నన్ను పేరు పెట్టి, నెమ్మదిగా. "సర్పంచికి నిలబడాలంటే ఇరవై ఒకటి నిండాలె. నామినేషన్లు సూసే దినం ముప్పై తారీఖు. మీ షారోన్‌కు పది దినాలు తక్కువ పడుతున్నయ్."

నేను టేపు చుట్టి పక్కన పెట్టాను.

"నేనేం ఎంక్వయిరీ చేయలే. నువ్వే పెట్టినవ్, నేను సూసిన. పోరి ఉత్తగ పరేషాన్ అయితది, జర చెప్పు. మీ అవ్వ మా చెన్లనే పని చేస్తది. మనం మనం ఒక్కటే."

ఫ్లెక్సీకి అడ్వాన్సు ఇచ్చి పోయాడు. నేను తీసుకున్నాను కూడా. ఏం తీసుకున్నానో కాసేపటి దాకా తెలియలేదు.

ఆ పూట దుకాణం మూసేసి ఇంటికి వచ్చాను. షారోన్ కుల ధ్రువపత్రం, ఓటరు కార్డు, పదో తరగతి మెమో చాప మీద పరిచి వరసగా సర్దుకుంటోంది. మెమో తీసుకుని చూశాను. 10-12-2004. నాకు తెలుసు. ఆ తేదీ అక్కడ ఎలా చేరిందో భూమ్మీద నా ఒక్కడికే తెలుసు.

చెల్లెను బడిలో చేర్పించింది నేనే. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. బాపు లారీ పనికి పోయాడు, అవ్వ నాట్లకు పోయింది. సారు రిజిస్టరు తెరిచి పుట్టిన తేదీ అడిగాడు. నాకు తెలియదు. తెలియదంటే సారు జూన్ ఒకటి అని రాసేవాడు. మా తరగతిలో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. నా చెల్లె ఆ గుంపులో పడడం నాకు ఇష్టం లేకపోయింది. మా హైస్కూలు బోర్డు మీద రోజుకో విశేషం రాసేవాళ్ళు, అవన్నీ నాకు నోటికి వచ్చు. వాటిలో అన్నిటికన్నా గొప్పగా అనిపించినది ఎంచుకున్నాను. డిసెంబరు పది సార్, అన్నాను. సారు రాసుకున్నాడు.

పదిహేనేళ్ళుగా ఆ రోజున కేకు తెస్తున్నాను.

షారోన్‌కు ఈ మాట చివరికి చెప్పాను. ఆమె మెమోను నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ వరసలో పెట్టింది.

"అంటే నేను ఎప్పుడు పుట్టిన్నో నీకు ఎర్కలేదు."

"లేదు."

"మరి ఎవలకు ఎర్క?"

అప్పుడే పని నుంచి వచ్చిన అవ్వ గాబు దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. తల ఎత్తకుండానే అంది: "దీపావళి ముంగట పుట్టినవ్. వాన కొట్టింది ఆ దినం. మా నాయన రాసిండు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాం. అవ్వకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. బడి తేదీ బడికి, ఇంటి తేదీ ఇంటికి అనుకుంది. ఊళ్ళో అందరికీ అట్లాగే రెండేసి ఉంటాయి కదా అంది.

మా తాత సువార్తికుడు. సైకిల్ మీద ఊరూరూ తిరిగేవాడు. ఇంట్లో ఎవరు పుట్టినా తన బైబిల్ చివరి ఖాళీ కాగితం మీద సిరా పెన్నుతో రాసి పెట్టేవాడు. ఆ బైబిల్ ఇప్పుడు మాక్లూర్‌లో ఎజ్రా మామ దగ్గర ఉంది.

మర్నాడు తెల్లారి కార్డులో బ్రూస్ లీ పుట్టినరోజు పెట్టి, చెల్లెను బండి మీద ఎక్కించుకుని బయలుదేరాను. నామినేషన్లు మొదలైన రోజు. దారి పొడుగునా పార్టీల జీపులు. ఎడపల్లి దాటాక లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడింది. చెరకు లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. మన చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడి చెరకు వేరే జిల్లాకు పోతోంది. షారోన్ నా భుజం మీదుగా ఫోన్‌లో టైము చూపించింది. నాకు కనిపిస్తూనే ఉంది. మళ్ళీ రెండు నిమిషాలకు చూపించింది.

ఎజ్రా మామ వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతున్నాడు. విషయం చెప్పాం. సరే అన్నాడు, కానీ ముందు చాయ్. తర్వాత అటుకులు. తర్వాత బాపు గురించి కాసేపు కన్నీళ్ళు. చివరికి పెట్టె లోంచి గుడ్డలో చుట్టిన బైబిల్ తీసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన చేయకుండా ఆ పుస్తకం విప్పకూడదని తాత పెట్టిన నియమమట. మామ మాక్లూర్ నుంచి మొదలుపెట్టి, జిల్లాను, రాష్ట్రాన్ని, రోగులను, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళను, పాలకులను అందరినీ వరసగా దేవుడికి అప్పగించాడు. నేను ఒక కన్ను తెరిచి చూస్తే షారోన్ అప్పటికే రెండు కళ్ళూ తెరిచి ఉంది.

ఆమెన్ అన్నాక చివరి కాగితం విప్పాడు. పసుపు రంగు కాగితం, నీలం సిరా, ఒకదాని కింద ఒకటి పదమూడో పద్నాలుగో వరసలు. నా వేలు కిందికి పరుగెత్తింది. అడుగు నుంచి రెండో వరస.

'మనుమరాలు షారోన్. 2004 నవంబరు 3, బుధవారం. తెల్లవారుజామున. వాన.'

మూడు వారాల కిందే ఇరవై ఒకటి నిండింది. షారోన్ నా వీపు మీద ఒక్కటి చరిచింది. కాగితం చుట్టుకుపోతుంటే పై వరసల మీద అరచెయ్యి పెట్టి నొక్కి పట్టుకుని నేను ఫొటో తీశాను. షారోన్ పేజీ మొత్తం ఇంకో ఫొటో తీసుకుంది. పై వరసల్లో ఎవరెవరు ఉన్నారో నేను చూడలేదు. చూసే తీరిక లేదనుకున్నాను.

ఇరవై ఎనిమిదిన మండలాఫీసులో అధికారి ముందు నిలబడ్డాం. ఆయన మర్యాదగలవాడు. బైబిల్ కాగితం ఫొటోను పెద్దది చేసి చూశాడు, తాత చేతిరాత బాగుందన్నాడు. తర్వాత మెమో చూశాడు.

"ఇది అబద్ధమని నేననడం లేదమ్మా," అన్నాడు షారోన్‌తో. "కాని రేపు ఎవరైనా అభ్యంతరం చెప్తే నేను చూడాల్సింది మెమో. మెమో మార్చుకుని రండి, తీసుకుంటాను."

మెమో మార్చడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. నెలలు అన్నాడు. అభ్యంతరం ఎవరూ చెప్పకపోతేనో అని షారోన్ అడిగింది. ఆయన కిటికీ లోంచి బయటకు చూశాడు. బయట వేపచెట్టు కింద ఎర్రన్న కారు ఆగి ఉంది.

వచ్చేదారిలో చెల్లె ఊరి పొలిమేరలో బండి ఆపమంది. దిగి రోడ్డు పక్కన నిలబడింది.

"నువ్వు తెల్వదని చెప్తే అయిపోతుండె అన్న. జూన్ ఒకటి రాసుకుంటుండె సారు. జూన్ ఒకటి అయితే నేను పాసు."

నిజమే. బడి సారు రాసే తేదీ అయినా ఆమెను కాపాడేది. నా ముచ్చట ముంచింది.

ఆ సాయంత్రం ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. మా బదులు ఇంకెవరైనా నిలబడాలి. రాములవ్వ నడుము నొప్పి అంది. ఆమె కోడలు, భర్తను అడగాలంది. భర్త ఎర్రన్న ట్రాక్టరు నడుపుతాడు. ఇంకో ఇంట్లో తలుపే తీయలేదు, లోపల టీవీ మోగుతూనే ఉంది. అందరికీ ఆ బాట కావాలి. అందరి వాళ్ళూ ఆ సమాధుల తోటలోనే ఉన్నారు. కానీ అందరికీ ఎర్రన్న దగ్గర పని కూడా ఉంది. మేం ఎవరినీ తప్పుపట్టలేకపోయాం. ఇంటికి వచ్చి చెప్తుంటే అవ్వ కత్తిని రాయి మీద నూరుతోంది. విన్నట్టు లేదు.

ఇరవై తొమ్మిది, చివరి రోజు. గడువు సాయంత్రం ఐదు. కార్డు పెట్టడం మరిచిపోయాను. ఏడింటికి ఫోన్లు మొదలయ్యాయి, తీయలేదు. షారోన్ ఖాళీ నామినేషన్ ఫారం ముందు కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. నేను వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతూ ఉన్నాను. పదకొండయింది. పన్నెండయింది. ఒంటిగంటకు ఈరవ్వతో కలిసి అవ్వ వచ్చింది. అంత పెందరాళే ఆమె పని నుంచి రావడం నేను చూడలేదు.

స్నానం చేసింది. చర్చికి కట్టే తెల్లచీర కట్టింది. తల దువ్వుకుని వచ్చి వాకిట్లో నిలబడింది.

"పోదాం పా. టైమ్ అయితున్నది."

"యాడికి?" అన్నాను.

ఈరవ్వ నవ్వింది. ఈరవ్వది నోరు పెద్దది, గుంపు మొత్తాన్ని ఆ నోటితోనే నడుపుతుంది. "యాడికంటవేందిరా. మీ అవ్వ ఎర్రన్న చెన్ల కత్తి కింద పెట్టి వచ్చింది. నేను నిలబడుతున్న, రేపటి సంది రాను అని మొఖం మీదనే చెప్పింది. నేను బలపరిచే సంతకం పెడుత. నాకు సంతకం వస్తది, మీ అవ్వకే రాదు."

"వస్తది," అంది అవ్వ. "జ్ఞానమ్మల 'జ్ఞా' ఒక్కటి కష్టం."

షారోన్ లేచి అవ్వను పట్టుకుంది. అవ్వ చీర నలుగుతుందని విడిపించుకుంది.

మూడున్నరకు మండలాఫీసు వరండాలో ఉన్నాం. జనం. అందరి చేతుల్లో జిరాక్సులు. నేను మెట్టు మీద కూర్చుని మోకాలి మీద ఫారం నింపడం మొదలుపెట్టాను. పేరు, జ్ఞానమ్మ. భర్త, కీర్తిశేషులు దాసు. పుట్టిన తేదీ దగ్గర ఆధార్ కార్డు చూసి రాయబోయాను. ఒకటి, ఒకటి, పంతొమ్మిది వందల డెబ్బై. మా ఊళ్ళో పెద్దవాళ్ళందరి కార్డుల్లోనూ జనవరి ఒకటే ఉంటుంది. వాళ్ళందరికీ నేను కొత్త సంవత్సరం కార్డులోనే కలిపి శుభాకాంక్షలు చెప్పేస్తుంటాను.

అవ్వ నా భుజం మీదుగా వంగి చూసింది. చదవడం రాదు గాని అంకెలు వచ్చు ఆమెకు. చెరకు కట్టలు లెక్కపెట్టే మనిషి.

"అదేం రాస్తున్నవ్?"

"పుట్టిన తారీఖు అవ్వ."

"నాది గది కాదు."

"కార్డుల గిదే ఉంది."

"కార్డుల ఉంటే ఉండని. నాది ఫిబ్రవరి పన్నెండు. శుక్రవారం. నాయన రాసిండు."

నేను తలెత్తి చూశాను. షారోన్ ఫోన్ తీసింది. మాక్లూర్‌లో తీసిన ఫొటోను పైకి జరిపింది. నా అరచేతి కింద పోయిన మొదటి వరస: 'పెద్ద కూతురు జ్ఞానమ్మ. 1971 ఫిబ్రవరి 12, శుక్రవారం. చెరకు కొట్టే కాలం.'

"ఎన్నడు చెప్పలేదేం అవ్వ?"

"ఎవలు అడిగిండ్రు?" అంది అవ్వ. కోపంగా అనలేదు. నిజంగానే ఎవరు అడిగారో గుర్తుతెచ్చుకుంటున్నట్టు ఆగి, తల అడ్డంగా ఊపింది.

లోపల్నుంచి ఎవరిదో పేరు పిలిచారు. తర్వాతి వంతు మాది. నాలుగూ పది. నా పెన్ను ఆ గడి మీదే ఉంది. నిజమైన తేదీ రాస్తే కార్డుకూ ఫారానికీ పొంతన కుదరదు. వేపచెట్టు కింద కారు ఇంకా ఉంది.

అవ్వే అంది: "కార్డుల ఉన్నదే రాయి బిడ్డా. ఇప్పుడు తొవ్వ ముఖ్యం."

రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. ఆ అంకెలు మాత్రం వంకరగా వచ్చాయి.

లోపల అధికారి అవ్వను కూర్చోమన్నాడు. కూర్చోలేదు. సంతకం పెట్టమంటే ఒక్కో అక్షరం తవ్వుతున్నట్టు పెట్టింది. 'జ్ఞా' దగ్గర ఆయన గడియారం చూసుకున్నాడు. మర్నాడు అభ్యంతరాలు అడిగినప్పుడు ఎర్రన్న మనిషి ఒకతను లేచాడు. ఆధార్ చూశాడు, ఓటరు జాబితా చూశాడు, కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి పోలింగుకు పదకొండు రోజులు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చుని తిన్నది లేదు. అవ్వకు కత్తెర గుర్తు వచ్చింది. ఎర్రన్న తన తోటకు మహారాష్ట్ర నుంచి చెరకు కొట్టేవాళ్ళ ముఠాను దింపాడు. ఈరవ్వ గుంపులో పదకొండు మందికీ పని పోయింది. రెండో రోజు ఆ పదకొండు మందీ మా వాకిట్లో కూర్చున్నారు. తిట్టడానికి వచ్చారేమోనని నేను లోపలే ఉండిపోయాను. ఈరవ్వ కిటికీ లోంచి అరిచింది, ఖాళీగున్నం, ఏ వాడకు పోవాల్నో చెప్పు అని. అవ్వ ప్రతి ఇంటి ముందూ ఒకే మాట చెప్పింది. చనిపోయినవాళ్ళను తిన్నగా తీసుకుపోవాలి, నీళ్ళలో కాదు. మా వాడలోనే కాదు, హిందువుల వాడల్లో కూడా ఆ మాట విని తలలూపారు. వాళ్ళ వల్లకాడూ అటే, పోయిన వానల్లో వాళ్ళూ గట్టు మీదే జారారు.

డిసెంబరు పది వచ్చింది. ప్రచారం బంద్. ఊరు నిశ్శబ్దంగా ఉంది. పొద్దున కార్డులో మానవ హక్కులు, నోబెల్ పెట్టాను. గులాబీ రంగు లైను పెట్టలేదు. షారోన్ కార్డు చూసి, "ఈసారి కేకు గిట్ల లేదా?" అంది. తెచ్చాను. పదిహేనేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. మెమో లెక్కన ఆమెకు ఆ రోజు ఇరవై ఒకటి నిండింది. కేకు కోస్తూ ముగ్గురం ఎందుకో నవ్వాం, నవ్వుతుంటే అవ్వకు పొలమారింది.

పదకొండున మధ్యాహ్నం దాకా పోలింగ్, ఆ తర్వాత బడిలోనే లెక్కింపు. మొదటి కట్టల్లో జ్యోతిరాణి ముందుంది. నేను బడి గోడ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఆరున్నరకు షారోన్ బయటికి వచ్చి నా వైపు నడిచింది. ఆమె నడకలోంచి నేను ఏమీ పట్టుకోలేకపోయాను.

"పద్నాలుగు ఓట్లు ఎక్కువ," అంది.

"ఎవలకు?"

"మనకు."

మర్నాడు ఎర్రన్న దుకాణానికి రాలేదు. కృతజ్ఞతల ఫ్లెక్సీ చుట్ట అలాగే మూలన నిలబడి ఉంది.

అవ్వ గెలిచినంత మాత్రాన బాట రాలేదు. ఎర్రన్న ఎదురుపడి దండం పెట్టి, కొలవండి సర్పంచమ్మ, కాని బాట ఎక్కడుందో ఎవరు చెప్తారు అన్నాడు. హద్దురాళ్ళు ఎప్పుడో తీసేశాడు. ఊరి భూముల పటం, నక్షా పట్టుకుని వచ్చిన సర్వేయరు తోట మొదట్లో నిలబడి తల గోక్కున్నాడు. ఎటు చూసినా నిలువెత్తు చెరకు.

అవ్వ అందరినీ ఒకసారి చూసి తోటలోకి దూరింది. మేం వెనకే. యాభై అడుగులు పోయాక ఆగి, రెండు గడలు పట్టుకుని వంచి పక్కపక్కన నిలబెట్టింది. ఒకటి ఆమె తల దాటి మూరెడు పైకి ఉంది. రెండోది ఆమె భుజం దగ్గరే ఆగింది. కణుపులు దగ్గరదగ్గరగా, సన్నగా ఉన్నాయి.

"బండ్లు నడిచిన నేల," అంది సర్వేయరుతో. "ఎంత దున్నినా కింద గట్టిగనే ఉంటది. ఏర్లు దిగయి. నాలుగేండ్ల సంది నేను ఇక్కడ పొట్టి చెరకే కొడుతున్న. పొట్టి వరస పట్టుకోని పోండ్రి, సమాధుల తోట కాడికి పోతరు."

ఆ పక్కన చెరకు కొడుతున్న మరాఠీ ముఠా మేస్త్రి తన మాటలో ఏదో అని తలూపాడు. అతనికీ తెలుసు. నాలుగేళ్ళు ఆ తోటలో కత్తి పట్టిన మనిషికి తెలియనిదేముంది. తెలిసి కూడా ఆ నాలుగేళ్ళు ఆమె ఎందుకు మాట్లాడలేదో నేను అడగలేదు. ఆ జవాబు కూడా నాకు వినిపించింది: ఎవరు అడిగారు?

సర్వేయరు గొలుసు వేశాడు. పొట్టి వరస, నక్షా గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎర్రన్న చూసి చెరకు కొట్టినంక ఇస్తానన్నాడు. ఎప్పుడు కొడతావని అవ్వ అడిగింది. ఆయన సంక్రాంతి అన్నాడు, తర్వాత జనవరి ఆఖరన్నాడు. అవ్వ తేదీ తానే చెప్పింది.

"ఫిబ్రవరి పన్నెండుకు తొవ్వ మీద మొరం మట్టి పడాలె. ట్రాక్టరు ఆ దినమే వస్తది."

పంచాయతీ కార్యదర్శి డైరీ తీసి, ఆ రోజు ఏమైనా ప్రత్యేకత ఉందా మేడం, ఎవరినైనా పిలవాలా అన్నాడు. ఏం లేదంది అవ్వ. షారోన్ నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను.

ఫిబ్రవరి పన్నెండు పొద్దున నేను కార్డు తయారుచేస్తున్నాను. అవ్వ గడప మీద, బాపు కూర్చునే చోట, చాయ్ గ్లాసుతో కూర్చుంది. పనికి పోయే తొందర లేదు. కాసేపటికి అడిగింది.

"ఇయ్యాల ఏం దినం రా?"

ఫోన్ చూసి చదివాను. డార్విన్ పుట్టాడు. లింకన్ పుట్టాడు. ఇద్దరూ ఒకే ఏడు, ఒకే రోజున.

"ఇంకా?"

"ఇంకా నువ్వు."

అవ్వ చాయ్ ఊదుకుంది. "అది మాత్రం పెట్టకు. ఎర్రన్న సూస్తడు."

పెట్టలేదు. దాని బదులు చివరి లైను ఇలా రాశాను: 'మా ఊరి సమాధుల తోట బాట తిరిగి తెరిచిన రోజు.' ప్రపంచం సంగతుల కింద మా ఊరి సంగతి రాయడం అదే మొదలు. వచ్చే ఏడు కూడా ఉంటుంది, ఆ పై ఏడూ ఉంటుంది.

ట్రాక్టరు పదింటికి వచ్చింది. మొరం పడుతుంటే ఈరవ్వ గుంపు కూర్చోవడానికి నేను దుకాణం మూలనున్న ఎర్రన్న ఫ్లెక్సీ తెచ్చి తిరగేసి పరిచాను. వెనక వైపు తెల్లగానే ఉంటుంది. చివరి ట్రిప్పు చదును చేశాక అవ్వ చెప్పులు విడిచి చేత పట్టుకుంది. కాలువ గట్టు వైపు ఒకసారి చూసింది. తర్వాత ఎవరి కోసమూ ఆగకుండా తిన్నగా బాపు దగ్గరికి నడిచింది.

వెనక నుంచి నేను అడుగులు లెక్కపెట్టాను. నూట అరవై రెండు.